సంసారులను సాగరము దాటించిన థామస్ కుక్

కాశీకి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుకొనెడివారు. ఆ కాలమున దూరప్రయాణమనగా ప్రాణముల మీది యాశ వదలుకొని గడప దాటుటయే. దారిలో దొంగల భయము, తెలియని యూరిలో తిండికి ఇబ్బంది, అర్థము కాని భాష, మొలలోని ధనము చాలునో చాలదో యను దిగులు; ఇన్నిటికిని ఎదురొడ్డి ఆలుబిడ్డలతో బయలుదేరుట సామాన్య గృహస్థునకు అలవి కాని పని. ఈ స్థితి మన దేశమునకే చెల్లినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండులో సైతము పారిస్, రోము వంటి మహానగరములను చూచుట ధనికుల బిడ్డలకే దక్కిన భాగ్యము. వారు గురువును, సేవకులను వెంటబెట్టుకొని నెలల తరబడి యూరపు ఖండమున సంచరించి వచ్చెడివారు. గుమాస్తాకును, బడిపంతులుకును, నేతపనివానికిని ఆ నగరముల పేర్లు పుస్తకములలో మాత్రమే పరిచితములు.

మూసియున్న ఆ తలుపును తెరచినవాడు ప్రభువు కాడు, పండితుడును కాడు. పదియవ యేట బడి మానిన ఒక వడ్రంగి. ఆయన పేరు థామస్ కుక్. భార్యాబిడ్డలతో ఒక విదేశ నగరమును చూచి రావలెనని కోరిన సంసారికి ఎదురగు చిక్కులన్నింటిని ముందుగా ఊహించి, ఆ దారిని తానే నడచి చూచి, ఆ బరువును తన తలకెత్తుకొనుటయే ఆయన చేసిన ఘనకార్యము.

థామస్ కుక్ 1808వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఇంగ్లండులోని డెర్బీషైరు మండలమున మెల్బోర్న్ అను చిన్న యూరిలో జన్మించెను. ఆస్ట్రేలియాలోని మహానగరమునకు ఆ పేరు వచ్చినదియు ఈ యూరి పేరు బిరుదుగా గల ప్రభువు వలననే. థామస్ పసివాడుగా నుండగనే తండ్రి గతించెను. కుటుంబమును నెట్టుకొని వచ్చుట కష్టమయ్యెను. పదియవ యేట బాలుడు బడి విడిచి, ఆ ప్రభువు తోటలో దినమునకు ఒక పెన్నీ కూలికి కుదిరెను. పిమ్మట బంధువు వద్ద కొయ్యసామానుల పని నేర్చెను. కొలత తప్పిన పలక అతుకదనియు, పని మొదలిడుటకు ముందే కొలతలు సరిచూచుకొనవలెననియు ఆ వృత్తి నేర్పు పాఠము. ఆ పాఠము ఆయనకు జీవితాంతము తోడుగా నిలచెను.

ఆయనది బాప్టిస్టు క్రైస్తవ శాఖ. 1828లో గ్రామగ్రామము తిరిగి మతబోధ చేయు పనిలో చేరెను. 1829వ సంవత్సరమున తాను తిరిగిన దూరము 2,692 మైళ్లనియు, అందు 2,106 మైళ్లు కాలినడకనే సాగినవనియు ఆయన లెక్క వ్రాసి పెట్టుకొనెను. దేశమంతటిని రైళ్లలో త్రిప్పబోవువాడు మొదట తన కాళ్లతో దేశమును కొలచినాడన్న మాట. 1833లో మేరియన్ మేసన్ అను ఆమెను వివాహమాడి, మార్కెట్ హార్బరో అను పట్టణమున కాపురము పెట్టి మరల వడ్రంగము సాగించెను. మరుసటి యేడు వారికి జాన్ మేసన్ కుక్ అను కుమారుడు కలిగెను.

ఆ దినములలో ఇంగ్లండు కార్మికుని బ్రతుకు దుర్భరము. వారమంతయు మిల్లులో గాని గనిలో గాని చాకిరి. ఆటవిడుపు దొరకిన దినమున మద్యశాల తప్ప పోవుటకు వేరొక చోటు లేదు. వారపు కూలి అక్కడనే కరగిపోగా ఇంట పిల్లలు పస్తులుండిరి. కుక్ దంపతులు మద్యపాన వ్యతిరేకోద్యమమున చేరి కృషి చేయసాగిరి. త్రాగవద్దని చెప్పుట సులభమే. కాని త్రాగుట మానినవాడు సెలవు దినమును ఎట్లు గడపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము 1841 జూన్ 9వ తేదీన ఆయనకు తోచెను. ఉద్యమ సభకై మార్కెట్ హార్బరో నుండి లెస్టరు నగరమునకు సుమారు 15 మైళ్లు నడచి పోవుచుండగా, క్రొత్తగా వచ్చిన రైలును ఈ పనికి వినియోగించిన బాగుండునని ఆయన భావించెను. సభలో ఆ మాట చెప్పెను. అందరును ఆమోదించిరి.

1841 జూలై 5వ తేదీన సుమారు 500 మంది జనము లెస్టరు నుండి 12 మైళ్ల దూరమున గల లఫ్‌బరోకు ప్రత్యేకమైన రైలులో బయలుదేరిరి. రానుపోను ఖర్చు ఒక షిల్లింగు మాత్రమే. అది నాటి పౌనులో ఇరువదవ భాగము. పైకప్పు లేని పెట్టెలలో, బ్యాండు మేళముతో, పిల్లాపాపలతో వారు పోయి, తోటలో టీ త్రాగి, ఆటలాడి, ఉపన్యాసములు విని సాయంకాలమునకు ఇండ్లు చేరిరి. ఆ పిమ్మట మూడు వేసవులు ఆయన లాభాపేక్ష లేకయే ఉద్యమ సంఘములకును, ఆదివారపు బడుల పిల్లలకును ఇట్టి యాత్రలను నడిపెను. నేడు బడి పిల్లలను విహారయాత్రకు తీసికొని పోవు ఉపాధ్యాయులు ఈ విషయమును గుర్తింపదగును.

1845లో లివర్‌పూల్ నగరమునకు నడపిన యాత్ర ఆయన వృత్తిజీవితమునకు ఆరంభము. టిక్కెట్టు మొదటి తరగతికి 15 షిల్లింగులు, రెండవ తరగతికి 10 షిల్లింగులు. ఇచ్చట గమనింపదగినది ధర కాదు. యాత్రకు ముందుగా ఆయన తానే ఆ మార్గమున పయనించి, ఏ పూటకూళ్ల ఇల్లు శుభ్రముగా నున్నదో, ఎచ్చట భోజనము దొరకునో పరిశీలించి, యాత్రికులకై ఒక కైపుస్తకమును అచ్చు వేయించెను. మరుసటి యేడు 350 మందిని స్కాట్లండుకు కొనిపోయినపుడు ఇంత సన్నాహమును చాలలేదు. దారిలో అల్పాహారము దొరకునని చెప్పిన మాట చెల్లలేదు. ఓడలో గదులు చాలక అనేకులు రాత్రియంతయు వానకు తడిసిరి. ఆ యేడే ఆయన దివాలా తీసెను. అయినను ఆయన ఆ పనిని విడువలేదు. ఇతరులు చేసిన వాగ్దానములను నమ్మి తాను వాగ్దానము చేయరాదనియు, ప్రతి మెట్టును ముందుగా కట్టుదిట్టము చేసికొనవలెననియు ఆ యనుభవము నేర్పినట్లు ఆయన పిదపటి నడవడియే చాటుచున్నది.

1851లో లండను హైడ్ పార్కున స్ఫటిక సౌధములో ప్రపంచ వస్తుప్రదర్శనము జరిగెను. ఆ సౌధ నిర్మాత జోసెఫ్ పాక్స్‌టన్. ఆయన ప్రోత్సాహమున కుక్ మధ్య ఇంగ్లండు పట్టణముల నుండి కార్మిక కుటుంబములను లండనుకు చేర్చుటకు పూనుకొనెను. ఒక్కమారుగా రైలు ఖర్చు పెట్టలేని వారికై పొదుపు సంఘములు ఏర్పడెను. మన యిండ్లలో చీటీలు కట్టినట్లు వారు వారవారము కొన్ని పెన్నీలు చొప్పున చెల్లించుచు, ప్రయాణ దినము నాటికి సొమ్ము కూర్చుకొనెడివారు. ఆయన ఒక పత్రికను స్థాపించి యాత్రా సమాచారమును ప్రకటించెను. పదునేడేండ్ల జాన్ మేసన్ తండ్రికి చేదోడుగా నిలచెను. ఆ యేడు కుక్ లండనుకు చేర్చిన జనము సుమారు 1,50,000. చివరి రైళ్లలో లెస్టరు, నాటింగ్‌హామ్, డెర్బీ పట్టణముల నుండి సుమారు 3,000 మంది పిల్లలు పోయి ఆ వింతలు చూచి వచ్చిరి.

స్వదేశ రాజధానిని చూపుట ఒక యెత్తు. సముద్రము దాటించి పరదేశ రాజధానిని చూపుట మరియొక యెత్తు. 1855లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శనము జరిగెను. ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ గల జలసంధి చోట చోట ఇరువది మైళ్లకు కొంచెము మించిన వెడల్పు మాత్రమే. కాని దగ్గరి రేవులకు పోవు రైలుదారి గల కంపెనీ కుక్‌తో ఒప్పందమునకు సమ్మతింపలేదు. ఆయన చుట్టుదారి పట్టెను. హారిచ్ రేవున ఓడ యెక్కించి ఆంట్‌వర్ప్‌లో దింపి, బ్రస్సెల్స్, కొలోన్, రైను నదీతీరము, హైడెల్‌బర్గ్, స్ట్రాస్‌బర్గ్‌ల మీదుగా యాత్రికులను పారిస్‌కు చేర్చెను. అదియే ఆయన నడపిన తొలి విదేశయాత్ర. అందు ఆయనకు నష్టమే మిగిలెను. 1861లో పాక్స్‌టన్ ఆధ్వర్యమున శ్రామికులను పారిస్‌కు కొనిపోయినపుడు 1,500కు మించిన జనము వచ్చిరి. అప్పుడును ఆయనకు చేతి సొమ్మే ఖర్చయ్యెను. లాభమే లక్ష్యమైనచో ఆయన అంతటితో ఆ దారి విడిచియుండును.

1863లో న్యూహేవెన్, డియెప్ రేవుల మార్గమున పోవు రైలు కంపెనీ ఆయనతో చేయి కలిపెను. ఆ వేసవిని ఆయన ఒక బృందమును పారిస్ మీదుగా స్విట్జర్లండునకు నడపెను. అందు యార్క్‌షైరు నుండి వచ్చిన జెమీమా మోరెల్ అను యువతి తన దినచర్యను వ్రాసి పెట్టెను. ఆ వ్రాతప్రతి నూరేండ్ల పిమ్మట, 1963లో, పుస్తకముగా వెలువడెను. ఆల్ప్స్ పర్వతములలో మంచు మీద నడచిన ఆ స్త్రీల ఉత్సాహమును చూచినచో, పురుషుని తోడు లేనిదే స్త్రీ గడప దాటరాదన్న నాటి కట్టుబాటు ఎట్లు సడలినదో తెలియును. కుక్ యాత్రలలో స్త్రీలు పెక్కురు. ఒంటరి స్త్రీకి ఆయన బృందము పుట్టింటివారి తోడువలె నుండెను.

నాటి పారిస్ నేటి పారిస్ కాదు. పారిస్ అనగానే మనకు స్ఫురించు ఐఫెల్ గోపురము 1889 వరకు లేదు. అయినను మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆజ్ఞతో హౌస్మన్ ఇరుకు సందులను కూల్చి విశాలమైన వీథులు తీర్చుచుండెను. లూవ్ర్ చిత్రశాల, నోత్రదామ్ దేవాలయము, నగరము వెలుపల వెర్సాయ్ రాజభవనము చూడదగినవి. ఒక గుమాస్తా తన భార్యతోను, ఇద్దరు బిడ్డలతోను వీనిని చూడగోరెననుకొందము. లండను నుండి రేవు వరకు ఒక కంపెనీ టిక్కెట్టు, ఓడకు మరియొకటి, ఫ్రాన్సులో వేరొకటి కావలెను. దిగిన తోడనే క్రొత్త నాణెములు లెక్క పెట్టవలెను. బండివాడు అడిగినది న్యాయమో అన్యాయమో తెలియదు. ఏ హోటలు సంసారులు దిగదగినదో తెలియదు. సెలవు వారము దినములు. అందు రెండు దినములు వెదకుటలో గడచినచో చూచుటకు మిగులునదేమి? పిల్లవానికి జబ్బు చేసినచో చెప్పుకొనుటకు భాష యేది?

కుక్ ఈ ప్రశ్నలన్నింటికిని ఒక్కొక్కటిగా సమాధానము కూర్చెను. రైళ్లకును ఓడకును కలిపి ఒకే టిక్కెట్టు పుస్తకము అమ్మెను. బృందముతో పోవువారికి దుబాసి వంటి మార్గదర్శిని తోడిచ్చెను. తమంతట తాము పోగోరు వారికి టిక్కెట్లును సమాచారమును సమకూర్చెను. 1865లో లండను ఫ్లీట్ వీథిలో కార్యాలయము తెరచి, అందు మార్గసూచికలు, పెట్టెలు, దూరదర్శినులు, పాదరక్షలు సైతము అమ్మించెను. 1867లో పారిస్‌లో మరల ప్రపంచ ప్రదర్శనము జరిగినపుడు యాత్రికులకు తగిన వసతి నేర్పరచెను. 1868లో హోటలు చీటీల పుస్తకమును ప్రవేశపెట్టెను. ఇంటి వద్దనే సొమ్ము చెల్లించి ఆ చీటీలు కొనినచో, జాబితాలోని హోటలులో ఒక చీటీ చించి యిచ్చి భోజనము, మరియొకటి యిచ్చి పడకయు పొందవచ్చును. బేరము లేదు, మోసము లేదు. 1874లో విదేశములలో మార్చుకొనదగిన హుండీల వంటి పత్రములను వెలువరించెను. మొత్తము ఖర్చెంతయో గడప దాటక మునుపే తెలియుట సంసారికి కలిగిన గొప్ప ధైర్యము.

మంచి పనికి నిందలు తప్పవు. 1865లో చార్లెస్ లీవర్ అను నవలాకారుడు, ఇటలీలో బ్రిటిషు ఉపకాన్సలుగా నుండి, కుక్ యాత్రికులను మారుపేరుతో పత్రికలో పరిహసించెను. ఆస్ట్రేలియా వలసలు చేర్చుకొననన్న ఖైదీలను ఇటలీ పట్టణములలో వదలుచున్నారని అతని యెత్తిపొడుపు. చదువుకొనినవారిలో అనేకులకు ఆ హేళన నచ్చినది. ఇంతకాలము తమకే చెల్లిన శిల్పముల యెదుట, చిత్రముల యెదుట దుకాణదారుడును, బడిపంతులమ్మయు వచ్చి నిలుచుట వారికి కంటగింపయ్యెను. కుక్ మౌనము వహింపలేదు. ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసి, తన పత్రికలో ఘాటుగా ప్రత్యుత్తరము వ్రాసెను. ప్రకృతి సౌందర్యమును, మహానగరముల విజ్ఞానమును కొందరి సొత్తుగా దాచియుంచు హక్కు ఎవ్వరికిని లేదన్నది ఆయన వాదము. గుంపులు చేరిన చోట ప్రశాంతి చెడునన్న విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ ప్రశాంతిని కాపాడుటకు పేదవాని పిల్లలను తలుపు వెలుపల నిలుపుట న్యాయమా యన్నది అసలు ప్రశ్న.

క్రమముగా ఆయన మార్గములు విస్తరించెను. 1869లో యాత్రికులను నైలు నదిపై నడపెను. 1872 సెప్టెంబరులో తన అరువది మూడవ యేట చిన్న బృందముతో భూప్రదక్షిణమునకు బయలుదేరెను. అమెరికా, జపాను, చీనా, సింహళముల మీదుగా మన దేశమునకు వచ్చి, కాశీ, ఆగ్రా వంటి నగరములు చూచి బొంబాయిలో ఓడ యెక్కెను. ఇల్లు చేరునప్పటికి 222 దినములు గడచెను. జూల్స్ వెర్న్ రచించిన ఎనుబది దినముల భూప్రదక్షిణ నవల పారిస్ దినపత్రికలో వెలువడినదియు 1872లోనే. 1881లో ఆ సంస్థ బొంబాయిలో కార్యాలయము తెరచెను. 1886 నుండి కొన్ని సంవత్సరములు మన దేశపు ముస్లిము యాత్రికులను హజ్ యాత్రకు చేర్చు పనిని ప్రభుత్వము ఆ సంస్థకే అప్పగించెను.

ఇన్ని కుటుంబములను దరి చేర్చిన ఆయన సొంత కుటుంబ నౌక మాత్రము ఒడుదొడుకుల పాలయ్యెను. జాన్ మేసన్ కార్యశూరుడు. లెక్కకు ఖరారు మనిషి. సంస్థ విశ్వవ్యాప్తమగుటకు ఆతని దక్షతయే ముఖ్య కారణము. తండ్రికి వ్యాపారము ధర్మప్రచారమునకు సాధనము. కొడుకునకు వ్యాపారము వ్యాపారమే. సంస్థ సొమ్మును దానధర్మములకును, ఉద్యమములకును తండ్రి వెచ్చించుట కొడుకునకు సరిపడలేదు. వివాదము ముదిరి 1878లో భాగస్వామ్యము ముగిసెను. తండ్రి లెస్టరులోని తన యింటికి మరలెను. 1880లో కుమార్తె ఆనీ స్నానపు గదిలో నీరు కాచు యంత్రము నుండి వెలువడిన విషవాయువు వలన మరణించెను. 1884లో మేరియన్ గతించెను. వృద్ధునకు చూపు మందగించి తుదకు అంధత్వము ప్రాప్తించెను. లోకమునకు లోకమును చూపినవానికి తన ముంగిలి కనబడకపోయెను. 1891లో లండనులో సంస్థ స్వర్ణోత్సవము మహావైభవముగా జరిగినపుడు వ్యవస్థాపకుడు అచ్చట లేడు.

ఆ కడపటి దినములలో ఆయన చేసిన పని యొకటి మరువరానిది. తాను పుట్టిన మెల్బోర్న్ గ్రామమున పేదలకై 14 చిన్న యిండ్లను, ప్రార్థనా మందిరమును కట్టించెను. 1892 జూలై 18వ తేదీన ఆయన కన్నుమూసెను. లెస్టరు రైలుస్టేషను ముంగిట 1994లో ఆయన విగ్రహమును నిలిపిరి.

ఆయన స్థాపించిన సంస్థ 1928లో కుటుంబము చేతి నుండి అన్యుల చేతికి పోయెను. అనేక చేతులు మారి, అప్పుల భారమున 2019 సెప్టెంబరు 23వ తేదీన బ్రిటనులో కూలిపోయెను. ఆ దినమున విదేశములలో చిక్కుపడిన 1,50,000కు మించిన బ్రిటిషు యాత్రికులను ప్రభుత్వము విమానములలో ఇండ్లకు చేర్చవలసి వచ్చెను. యాత్రికునికి తిరుగుదారి గూర్చి బెంగ ఉండరాదని పుట్టిన సంస్థయే యాత్రికులను నడిదారిలో విడిచినది. మన దేశమున ఆ పేరు గల సంస్థ వేరు యాజమాన్యమున నుండుటచే నిలచినది.

నేడు జలసంధి క్రింది సొరంగమున లండను నుండి పారిస్‌కు రైలు రెండు గంటలకు కొంచెము మించిన కాలములో చేరుచున్నది. చేతిలోని ఫోనులో టిక్కెట్టు, పటము, అనువాదము అన్నియు దొరకుచున్నవి. అయినను ఒక కుటుంబము విదేశ నగరమునకు బయలుదేరునపుడు వేసికొనవలసిన ప్రశ్నలు నాటివే: ఎన్ని దినములు, ఎంత ఖర్చు, ఎచ్చట బస, ఏవి చూడవలెను, ఏవి విడువవలెను, చిన్నపిల్లలు ఎంత దూరము నడువగలరు, ముసలివారికి విశ్రాంతి యెచ్చట. ఇల్లాలు ఇంటి పద్దు చూచినంత శ్రద్ధతో ఈ ప్రశ్నలను ఇతరుల కొరకు వేసికొనినవాడు థామస్ కుక్. గొప్ప పనికి ధనమే మొదటి పెట్టుబడి యని తలచు విద్యార్థులకు ఆయన జీవితము వేరు మాట చెప్పుచున్నది. ఎదుటివాని యిబ్బందిని ముందుగా తెలిసికొను మనస్సును, దానిని తీర్చువరకు విడువని ఓర్పును ఉన్నచో, దినమునకు పెన్నీ కూలివాడును లక్షల సంసారులకు లోకపు తలుపు తెరువగలడు.